మా పాప కీళ్ల జబ్బు ఏ రకమో తేలేదాకా: నా అనుభవం

మా పాపకి వచ్చింది కీళ్లవాతమే అని తేలడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో ఏ రకమో ఖాయం కావడానికి ఇంకో ఐదు నెలలు. పిల్లల కీళ్లవాతంలో ఏడు రకాలున్నాయనీ, రకాన్ని బట్టి మందులూ చెకప్‌లూ ప్రమాదాలూ మారిపోతాయనీ అప్పటిదాకా మాకు తెలియదు. ఏదో ఒక రక్తపరీక్ష రకం తేల్చేస్తుందని రిపోర్టుల కోసం ఎదురుచూస్తూ గడిపాం. చివరికి తేల్చింది మాత్రం ఏ కీలు వాచింది, ఎన్ని వాచాయి, ఎప్పటినుంచి, ఒంట్లో ఇంకేం జరుగుతోంది అన్న గమనింపే. అందులో సగం ఇంట్లోవాళ్లే గమనించాలి. ఇప్పుడు ఇదే టెన్షన్‌లో ఉన్న అమ్మానాన్నలకి పనికొస్తుందని, జరిగింది జరిగిన వరుసలో రాస్తున్నాను.

నిరుడు మార్చి మొదటి వారంలో మొదలైంది. పాపకి అప్పటికి మూడేళ్లు నిండలేదు. పొద్దున లేచి మంచం దిగగానే కుడికాలు ఈడుస్తూ నడిచేది. మోకాలు పూర్తిగా చాపకుండా, మునివేళ్ల మీద బరువు వేసేది. అరగంట, ముప్పావుగంట అయ్యేసరికి మామూలుగా పరుగెత్తేది. మధ్యాహ్నం నిద్ర లేచాక మళ్లీ అదే కుంటు. "ఎక్కడ నొప్పిరా అమ్మా?" అంటే "లేదు" అనేది. నొప్పి అని ఒక్కసారీ ఏడవలేదు.

ఈ వయసు పిల్లలు నొప్పి ఉందని చెప్పరు, నొప్పి పుట్టించే పని మానేస్తారు. మా పాప మెట్లు దిగడం మానేసి, కూర్చుని ఒక్కో మెట్టూ జరగడం మొదలుపెట్టింది. గొంతుక్కూర్చుని ఆడుకునే పిల్ల కాళ్లు చాపుకుని ఆడుకుంటోంది. పొద్దున్నే ఎత్తుకోమని మారాం చేస్తోంది. ఇవన్నీ కలిపి చూసింది మా అత్తగారు. "ఇది గారాబం కాదమ్మా, కాలికేదో అయింది" అని ఆవిడే మమ్మల్ని తొందరపెట్టారు.

ఎప్పుడూ చూపించే పిల్లల డాక్టరు, ఎక్కడో పడి బెణికి ఉంటుంది అన్నారు. ఎక్స్‌రే నార్మల్ వచ్చింది. రెండు వారాలు చూద్దాం అన్నారు. ఈ జబ్బు మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవడమే మామూలని తర్వాత తెలిసింది. ఈలోగా చుట్టాలు ఎదిగే పిల్లల కాళ్ల నొప్పులన్నారు. ఆ నొప్పులు సాయంత్రమో రాత్రో వస్తాయి, సాధారణంగా రెండు కాళ్లకీ వస్తాయి, పిక్కల్లోనో తొడల్లోనో ఉంటాయి, పొద్దున్న లేచేసరికి పిల్లలు శుభ్రంగా ఉంటారు. మాది దీనికి పూర్తిగా తలకిందులు. పొద్దున కుంటు, సాయంత్రం ఆట. ఈ తేడా ఎవరైనా ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది.

మార్చి చివర్లో స్నానం చేయిస్తుంటే వాపు కంటపడింది. ఎడమ మోకాలి చిప్పకి రెండు పక్కలా చిన్న గుంటలుంటే, కుడి మోకాలికి అవి పూడిపోయి గుండ్రంగా ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది కానీ ఎర్రగా లేదు. ఒక్క కాలే చూస్తే నాకు తెలిసేది కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలిసింది.

అక్కడినుంచి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మొహంలో తొందర చూసి భయమేసింది. "జ్వరం ఉందా? కాలు అసలు నేల మీద పెడుతోందా? ముట్టుకోనిస్తోందా?" అని వరసగా అడిగారు. కీల్లో చీము చేరితే గంటల్లో తేల్చుకోవాల్సిన వ్యవహారమట. అలాంటప్పుడు గట్టి జ్వరం ఉంటుంది, పిల్లలు కాలు కదపనివ్వరు. మా పాపకి అవేమీ లేకపోయినా, నిర్ధారణ కోసం మోకాల్లోంచి నీరు తీసి కల్చర్‌కి పంపారు. ఆ రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పట్టింది. చీము లేదు, క్రిములూ పెరగలేదు.

మాకు అంతకంటే కష్టమైంది తర్వాతి మాట. "రక్తం స్లైడు మీద వేసి మైక్రోస్కోప్‌లో చూడాలి, బ్లడ్ క్యాన్సర్ కాదని తేల్చుకుంటే మంచిది" అన్నారు. ఆ మాట ఎంత మెల్లగా చెప్పినా మెల్లగా వినపడదు. ఆ రాత్రి నేనూ మావారూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పాప మధ్యలో పడుకుని ఉంటే, దాని ఒంటి మీద ఎక్కడైనా కమిలిన మచ్చ ఉందేమోనని సెల్‌ఫోన్ లైటు వేసి వెతికాను. లుకేమియాలో, అంటే బ్లడ్ క్యాన్సర్‌లో కూడా పిల్లలు కాళ్ల నొప్పులతోనో కుంటుతోనో మొదలవుతారు. అయితే రాత్రుళ్లు నొప్పికి నిద్రలేచి ఏడవడం, పాలిపోవడం, బరువు తగ్గడం, రక్తకణాలు తగ్గడం లాంటివి కనిపిస్తాయి, ఎముకంతా నొప్పి పెడుతుంది. మా పాపకి ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు అన్నీ సరిగానే ఉన్నాయి. స్లైడు కూడా బాగుంది. ఆ రిపోర్టు చేతికొచ్చాక ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. అంతకుముందు ఒకచోట "వాపు తగ్గుతుంది" అని స్టెరాయిడ్ సిరప్ రాసిచ్చారు. ఈ ఎముకల డాక్టరు దాన్ని చూసి ఆపమన్నారు. లుకేమియా కాదని తేలకముందే స్టెరాయిడ్ ఇస్తే, ఒకవేళ అదే జబ్బయితే తాత్కాలికంగా అణిగిపోయి పరీక్షల్లో దొరకకుండా పోవచ్చు. కుంటుతున్న పిల్లకి ఎవరైనా స్టెరాయిడ్ రాస్తే, ముందు రక్తం స్లైడు చూశారా అని అడగండి.

ఏప్రిల్ చివరికి, కీళ్లవాతానికి చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్ అని వచ్చింది. ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్షల్లో ఈఎస్ఆర్ కాస్త ఎక్కువ, సీఆర్‌పీ నార్మల్. వీటిని చూసి ఇంకో డాక్టరు "ఆర్థరైటిస్ లేదు, నిశ్చింతగా ఉండండి" అన్నారు. మేం నిజంగానే నిశ్చింతగా ఉన్నాం, దాదాపు నెల రోజులు. మోకాలు మాత్రం తగ్గలేదు. ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివే వస్తుంది. ఒకటి రెండు కీళ్లే వాచిన పిల్లలకి ఈఎస్ఆర్, సీఆర్‌పీ కూడా మామూలుగానే ఉండొచ్చు. వాచిన మోకాలు ఎదురుగా కనిపిస్తుంటే కాగితం చూసి లేదనడం ఏమిటని ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. ఆ నెల ఊరికే పోలేదు. కీలు లోపల ఆ నెలంతా వాపు పనిచేస్తూనే ఉంది.

మే నెలలో ఎముకల డాక్టరే పిల్లల రుమటాలజిస్టుకి, అంటే పిల్లల కీళ్లవాతం చూసే డాక్టరుకి ఉత్తరం రాసిచ్చారు. ఈ విభాగంలో డాక్టర్లు తక్కువ. అపాయింట్‌మెంట్ నెల దాటాక దొరికింది. ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని పేరు రాయించాం కానీ పిలుపు రాలేదు. ఆ నెలలో మేం చేసిన మంచి పని ఒకటుంది. రోజూ పొద్దున పాప మంచం దిగి నడిచే మొదటి నిమిషం వీడియో తీశాం. డాక్టరు దగ్గరికి వెళ్లే వేళకి కుంటు పోయి ఉంటుంది కాబట్టి ఆ వీడియోలే సాక్ష్యం. ఒక నోట్‌బుక్కులో తేదీ, ఏ కీలు, ఎంతసేపు బిగుసుకుని ఉంది, జ్వరం ఉందా, ఒంటి మీద దద్దు ఉందా అని రాసిపెట్టుకున్నాం.

జూన్ ఆఖర్లో ఆ డాక్టరమ్మని కలిశాం. దాదాపు గంటసేపు చూశారు. మోకాలికి ముందు ఆవిడ చూసింది దవడ. పాప వేళ్లే మూడు నిలువుగా కలిపి నోట్లో పెట్టించి, నోరు ఎంత తెరుచుకుంటుందో చూశారు. తల వెనక్కి వంచి పైకప్పు చూడమన్నారు. రెండు అరచేతులూ దండం పెట్టినట్టు ఆనించమన్నారు, పిడికిలి బిగించమన్నారు, మునివేళ్ల మీద, మడమల మీద నడిపించారు. పాప అంతా ఆట అనుకుంది. తర్వాత గోళ్లు ఒక్కొక్కటీ చూశారు. చెవుల వెనక, తలలో, బొడ్డు దగ్గర చర్మం చూశారు. పొట్ట నొక్కి కాలేయం, ప్లీహం చూశారు. మెడలో, చంకల్లో గడ్డలు తడిమారు. ఆ చూపంతా రకం పట్టుకోవడానికేనని మాకు తర్వాత అర్థమైంది.

ప్రశ్నలు కూడా అలాంటివే. రోజూ ఒకే వేళకి జ్వరం వస్తోందా? జ్వరంతో పాటు గులాబీ రంగు దద్దు వచ్చి మాయమవుతోందా? అమ్మకిగానీ నాన్నకిగానీ తోబుట్టువులకిగానీ సోరియాసిస్ ఉందా? ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే నడుము బిగుసుకుపోయే జబ్బు ఉందా? కళ్లు ఎప్పుడైనా ఎర్రబడ్డాయా? మేం అన్నిటికీ లేదనే చెప్పాం. ఎడమ చీలమండ కూడా వాచి ఉందని ఆవిడే చూపించారు. అది మా కంటికి ఆనలేదు. టేపు పెట్టి కాళ్లు కొలిచారు. కుడికాలు కొన్ని మిల్లీమీటర్లు పొడుగ్గా ఉంది! వాపు ఉన్న మోకాలికి రక్తం ఎక్కువగా చేరడం వల్ల, అక్కడ ఎముక తొందరగా పెరుగుతుందట. నాలుగు నెలలు చిన్న పిల్ల కాలికి ఎంత ఎక్కువ కాలమో అప్పుడు తెలిసింది.

"16 ఏళ్లలోపు మొదలై, కీలు వాపు కనీసం 6 వారాలు ఉండి, ఇంకే కారణమూ కనిపించకపోతే జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటామమ్మా" అన్నారు. మొదటి 6 నెలల్లో నాలుగు కీళ్ల దాకా అయితే ఒలిగో ఆర్టిక్యులర్, ఐదూ ఆపైన అయితే పాలీ ఆర్టిక్యులర్. పాలీలో మళ్లీ ఆర్ఏ ఫ్యాక్టర్ ఉన్నది, లేనిది అని రెండు. జ్వరంతో వచ్చేది సిస్టమిక్. స్నాయువులు ఎముకకి అతుక్కునే చోట వాపుతో వచ్చేది ఎంథసైటిస్ రకం. సోరియాసిస్‌తో ముడిపడింది సోరియాటిక్. వీటిలో దేనికీ సరిపోనిది, లేదా రెండింటికీ సరిపోయేది విడిగా ఏడో రకం. ఈ లెక్కలు 2001లో కెనడాలోని ఎడ్మంటన్‌లో డాక్టర్ల అంతర్జాతీయ సమావేశం సవరించిన వర్గీకరణలోవని చెప్పారు. "మీ పాపకి ఇప్పటికి రెండు కీళ్లు. ఒలిగో లాగే ఉంది. కానీ 6 నెలలు నిండాలి, అప్పటిదాకా లెక్కపెడుతూ ఉందాం" అన్నారు.

పేరు దొరికిందన్న ఊరట, అది కూడా పూర్తి పేరు కాదన్న చిరాకు, రెండూ ఒకేసారి కలిగాయి. మావారైతే "ఇంకా చూద్దాం అంటే ఎట్లా డాక్టర్ గారూ, వైద్యం దేనికని చేస్తారు?" అని గట్టిగానే అడిగారు. రకం ఖాయం కాకపోయినా వైద్యం ఆగదని, వాపు ఉన్న కీలుకి ఈ నెలలోనే మందు ఇస్తామని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. రకం తెలియడం దేనికంటే, ముందు ముందు ఏం రాబోతుందో తెలుసుకుని కాపు కాయడానికి.

ఆ తర్వాత చెకప్‌లకి వెళ్లినప్పుడల్లా వెయిటింగ్ హాల్లో మిగతా తల్లిదండ్రులతో మాటలు కలిసేవి. రకాల గురించి నాకు అసలు అర్థమైంది అక్కడే. పదకొండు పన్నెండేళ్ల అబ్బాయి ఒకడు, ఫుట్‌బాల్ ఆడేవాడు. మడమ వెనక నొప్పి. ఆటలో దెబ్బ అనుకుని ఏడాది పైగా బూట్లు మార్చారు, కట్లు కట్టారు. నడుము కింది భాగం పొద్దున్నే బిగుసుకుపోవడం మొదలయ్యాక ఇక్కడికి వచ్చారు. హెచ్ఎల్ఏ-బీ27 అనే జన్యు పరీక్ష పాజిటివ్. ఎంథసైటిస్ రకం ఇలా ఆరేళ్లు దాటిన మగపిల్లల్లో ఎక్కువ. వాళ్లకి కన్ను వాస్తే ఎర్రబడి, నొప్పి పుట్టి, అప్పటికప్పుడు తెలిసిపోతుంది. మా పాప రకానికి ఉన్న కంటి ప్రమాదం అలాంటిది కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇంకో అమ్మ కథ విని నాకు ఒళ్లు జలదరించింది. ఆరేళ్ల కొడుక్కి రోజూ సాయంత్రం వణికించే జ్వరం, తెల్లారేసరికి మామూలు. రెండు వారాలు దాటినా ఆగలేదు. యాంటీబయాటిక్స్ మార్చి మార్చి వేశారు. జ్వరం ఎక్కినప్పుడు పొట్ట మీద, చంకల దగ్గర లేత గులాబీ మచ్చలు వచ్చేవి, దిగగానే పోయేవి. డాక్టరు ముందుకి తీసుకెళ్లేసరికి చర్మం శుభ్రంగా ఉండేది. ఆవిడ రాత్రి ఫోన్‌తో తీసిన ఫొటోలే దారి చూపించాయి. వాళ్లకి కీళ్లు వాచింది కొన్ని వారాల తర్వాత. ఈ సిస్టమిక్ రకాన్ని 1897లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే ఇంగ్లండ్ డాక్టరు వర్ణించారు, అందుకే స్టిల్స్ జబ్బు అని కూడా అంటారు. ఇందులో ఒక ప్రాణాపాయం ఉంది. వచ్చి పోయే జ్వరం ఆగకుండా ఉండిపోయి, పిల్లాడు మగతగా అయిపోయి, రక్తకణాలు పడిపోతూ, రక్తంలో ఫెరిటిన్ (ఇనుముని నిల్వచేసే ప్రొటీన్) విపరీతంగా పెరిగితే వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. ఆ సమయంలో ఈఎస్ఆర్ తగ్గుతుంది. తగ్గింది కదా అని సంతోషించకూడదని ఆవిడకి ముందే గట్టిగా చెప్పి పంపారట.

పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకామెకి రెండు చేతుల వేళ్లూ మణికట్లూ వాచి పెన్ను పట్టుకోలేకపోయేది. ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్. ఒక్కసారి వస్తే సరిపోదని కనీసం మూడు నెలల ఎడంతో మళ్లీ చేసి ఖాయపరిచారు. పెద్దవాళ్ల కీళ్లవాతానికి దగ్గరగా ఉండే రకం ఇది, కీళ్లని తొందరగా పాడుచేస్తుంది కాబట్టి మొదటినుంచీ గట్టి మందులే వేస్తారు. మరో పాపకి కాలి వేలు ఒకటి మొదలు నుంచి చివరిదాకా ఉబ్బి ఉంది, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు. ఒంటి మీద సోరియాసిస్ మచ్చ ఒక్కటీ లేదు, వాళ్ల నాన్నకి ఉంది. పిల్లల్లో చర్మానికంటే కొన్నేళ్ల ముందే కీళ్లు వాచే అవకాశం ఉందని, ఆ వేలూ గోళ్లూ నాన్న సోరియాసిస్ కలిపి చూసి సోరియాటిక్ అన్నారని చెప్పారు.

జులై మొదట్లో మోకాల్లోకి, చీలమండలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంత చిన్న పిల్లకి మత్తు ఇచ్చే చేస్తారు. పొద్దుటినుంచి ఏమీ పెట్టకూడదు, కొన్ని గంటల ముందు నుంచి నీళ్లు కూడా వద్దన్నారు. ఆ ఆకలి ఏడుపు ఇంజెక్షన్ కంటే పెద్ద కష్టం. వీలైతే మొదటి నంబరు అడిగి తీసుకోండి. ఖర్చు గురించి చెప్పాలంటే, మందు కంటే ఆపరేషన్ థియేటరుకీ మత్తు డాక్టరుకీ అయిందే ఎక్కువ. బీమా వాళ్లు కాగితం మీద జబ్బు పేరుతో పాటు రకం కూడా కావాలన్నారు. "ఒలిగో అని ప్రస్తుతానికి భావిస్తున్నాం" అని డాక్టరమ్మతో రాయించుకుని ఇచ్చాం, సరిపోయింది.

వారం తిరక్కుండానే పాప మళ్లీ గొంతుక్కూర్చుంది. ఆ రోజు ఇంట్లో అందరం పని మానేసి చూశాం. రెండు నెలల తర్వాత చీలమండ దగ్గర చర్మం తెల్లబడి చిన్న గుంట పడింది. మందు కొంచెం బయటికి వచ్చి చర్మం కింది కొవ్వు కరిగినందువల్ల అలా అవుతుందట, కాలక్రమంలో చాలావరకు పూడుతుందన్నారు. ముందే చెప్పి ఉంటే అంత హడలిపోయేవాళ్లం కాదు.

ఇప్పుడు కన్ను సంగతి. నేను ఇదంతా రాయడానికి అసలు కారణం ఇదే. పాపకి ఏఎన్ఏ అనే రక్తపరీక్ష (సొంత కణాల మీదే పనిచేసే యాంటీబాడీలు ఉన్నాయా అని చూసేది) పాజిటివ్ వచ్చింది. ఈ పరీక్ష ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ పాజిటివ్ రావచ్చు కాబట్టి జబ్బు ఉందీ లేదూ అన్నది దీంతో తేలదు. కానీ ఒలిగో రకమై, ఏడేళ్లలోపు మొదలై, ఏఎన్ఏ పాజిటివ్ అయితే కంటి లోపల వాపు వచ్చే ప్రమాదం బాగా ఎక్కువ. దాన్ని యువైటిస్ అంటారు. ఈ పిల్లల్లో కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, నీరు కారదు. చూపు తగ్గేదాకా ఏమీ తెలియదు. చూపు తగ్గినా మూడేళ్ల పిల్ల చెప్పలేదు. అందుకే మొదటి నాలుగేళ్లు ప్రతి మూడు నెలలకీ స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుగు వేసి కంటి లోపల పెద్దదిగా చూపించే యంత్రం) మీద కన్ను చూపించాలన్నారు. ఆర్ఏ ఫ్యాక్టర్ లేని పాలీ రకంలోనూ ఈ ప్రమాదం ఉంది.

మొదట దగ్గర్లోని ఒక కంటి ఆసుపత్రికి వెళ్తే టార్చి వేసి చూసి, కళ్లు తెల్లగా ఉన్నాయి, ఏమీ లేదన్నారు. టార్చితో ఇది కనిపించదు. రుమటాలజిస్టు మళ్లీ పంపితే, పిల్లల కళ్లు చూసే డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్ పరీక్ష అయింది. అయింది అనడం తేలిక. గడ్డం ఆ పట్టీ మీద పెట్టి కదలకుండా కొన్ని క్షణాలు ఉండాలి. మొదటిసారి పాప గది దద్దరిల్లేలా ఏడ్చి, తల వెనక్కి విరుచుకుంది. డాక్టరు విసుక్కోకుండా ఇంకో రోజు రమ్మన్నారు. ఇంట్లో రోజూ నా పిడికిలి మీద గడ్డం ఆనించి, చిన్న లైటు చూపించి "ఎవరు కదలకుండా ఉంటారో" అని ఆడించాను. వారం తర్వాత నా ఒళ్లో కూర్చుని చూపించుకుంది. జులైలో రెండు కళ్లూ బాగున్నాయి.

అక్టోబరులో ఎడమ కంట్లో వాపు కణాలు కనిపించాయి. ఆ పొద్దున్న కూడా పాప కళ్లు చక్కగా మెరుస్తున్నాయి, దూరంగా వాలిన పక్షిని వేలెత్తి చూపించింది. మూడు నెలల గడువు కాస్త దాటినా ఫరవాలేదులే అని వాయిదా వేసి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పారు. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర వెనక ఉన్న కటకానికి అతుక్కుపోతుంది, తర్వాత శుక్లం, కంటి ఒత్తిడి. మాకు అతుక్కోకముందే దొరికింది. స్టెరాయిడ్ చుక్కలు మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటగంటకీ, తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాం. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసినప్పుడు ఎండలోకి వెళ్తే కళ్లు మూసుకుని ఏడ్చేది, అంచున్న టోపీ పెట్టాం. చుక్కలతో కంటి ఒత్తిడి పెరగవచ్చు కాబట్టి ప్రతిసారీ అది కూడా కొలిచేవారు.

నవంబరులో ఎడమ మణికట్టు వాచింది. దాని వెనకే కుడిచేతి నడిమి వేలు, ఎడమ మోకాలు. నోట్‌బుక్కు తీసి లెక్కపెడితే ఐదు. నాకు గుండె జారిపోయింది, పాలీ అయిపోయిందనుకున్నాను. డాక్టరమ్మ ఆ నోట్‌బుక్కునే ముందు పెట్టుకుని తేదీలు చూశారు. మార్చిలో మొదలైంది, సెప్టెంబరు దాకా రెండే కీళ్లు, కొత్తవన్నీ 6 నెలలు దాటాక వచ్చాయి. కాబట్టి ఇది ఎక్స్‌టెండెడ్ ఒలిగో, అంటే నాలుగు కీళ్లలోపు మొదలై తర్వాత విస్తరించింది. అదే కీళ్లు ఆగస్టులో వాచి ఉంటే పాలీ అనేవారు. ఒకే పిల్ల, అవే కీళ్లు, తేదీని బట్టి పేరు మారుతుంది. మేం రాసుకున్న తేదీలు లేకపోతే ఆ మాట అంత ఖచ్చితంగా చెప్పగలిగేదాన్ని కాదని ఆవిడే అన్నారు.

ఇంజెక్షన్లతో సరిపెట్టే దశ దాటింది, కన్ను కూడా ఉంది కాబట్టి రోగనిరోధక శక్తిని అదుపుచేసి వాపు తగ్గించే మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. ఇది వారానికి ఒక్కసారే వేసే మందు. రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మాకు ఒక మందుల షాపులో కవరు మీద "రోజుకి ఒకటి" అని రాసిచ్చారు! ప్రిస్క్రిప్షన్‌తో సరిచూసుకున్నాం కాబట్టి సరిపోయింది. వారంలో ఒక రోజు పెట్టుకుని క్యాలెండర్ మీద గుండ్రంగా గీయండి, ఇంట్లో అందరికీ ఆ రోజు తెలియాలి. ఫోలిక్ యాసిడ్ విడిగా ఇస్తారు. కాలేయం, రక్తకణాలు చూడ్డానికి మొదట్లో తరచుగా, తర్వాత కొన్ని నెలలకోసారి రక్తం తీస్తారు. ఈ మందు వాడుతుండగా మీజిల్స్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినవి) డాక్టరుని అడగకుండా వేయించకూడదు.

వాంతి మాత్రం మమ్మల్ని బాగా ఏడిపించింది. మందు పసుపు రంగులో ఉంటుంది. కొన్ని వారాలకి పాప పసుపు రంగు గిన్నె చూసినా ఓకరించేది. పడుకునే ముందు ఇచ్చి చూశాం, కొంత నయం. జనవరిలో సిరంజికి మార్చారు, చర్మం కింద వేసేది. నర్సు నేర్పించారు, మొదటిసారి నా చెయ్యి వణికింది, మావారు వేశారు. పాపకి కనపడకుండా తెల్ల కాగితం చుట్టి వేస్తున్నాం.

ఈ మందు పని చేయడానికి రెండు మూడు నెలలు పడుతుందని ముందే చెప్పారు కానీ, ఎదురుచూడటం కష్టమే. ఫిబ్రవరి మధ్యలో మణికట్టు వంచగలిగింది. ఇప్పుడు ఏప్రిల్. వేలు కొంచెం బిగుసుగా ఉంది, మిగతా కీళ్లు చల్లబడ్డాయి. కాళ్ల పొడవులో తేడా ఇంకా ఉంది, ఒక బూటులో పల్చటి అట్ట వేశారు. పెరిగేకొద్దీ సరి కావచ్చని ప్రతిసారీ కొలుస్తున్నారు. కంట్లో కణాలు పోయాయి, చుక్కలు రోజుకి ఒకటికి తగ్గాయి. ఆ ఒక్కటీ ఆపాక మళ్లీ వాపు వస్తే వాపుని అణిచే అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్ చేర్చాల్సి ఉంటుందన్నారు. దానికి ముందు టీబీ పరీక్ష చేయాలట. ఆ మందు ఖరీదైంది కాబట్టి బీమా అనుమతి ముందే అడిగి ఉంచమన్నారు, కాగితాలు పెట్టాం, జవాబు రావాల్సి ఉంది.

రకం పేరు ఇకముందు కూడా మారొచ్చని డాక్టరమ్మ చెప్పారు. రేపు నాకో మావారికో సోరియాసిస్ వచ్చినా, పాప గోళ్ల మీద గుంటలు కనిపించినా మళ్లీ ఆలోచించాల్సిందే. ఆదివారం స్నానమయ్యాక గోళ్లు, చెవుల వెనక, రెండు మోకాళ్లు, రెండు చీలమండలు, వేళ్లు, నోరు తెరుచుకునే వెడల్పు వరసగా చూసి నోట్‌బుక్కులో రాస్తున్నాం. బడికి ఒక ఉత్తరం ఇచ్చాం: పొద్దున మొదటి గంట నెమ్మదిగా నడుస్తుంది, ఎక్కువసేపు కింద కూర్చోబెట్టకండి, మధ్యలో లేచి తిరగనివ్వండి, ఆటలు మాన్పించకండి. టీచరు ఆ కాగితాన్ని హాజరు పట్టీలో పెట్టుకున్నారు. వచ్చే నెల పద్దెనిమిదిన మళ్లీ స్లిట్ ల్యాంప్ పరీక్ష ఉంది.